రోబో అమ్మాలంటే ముందు బస్తా తూచాలి

ఈ పనిలో చేరిన కొత్తలో నా బ్యాగులో ఒక ల్యాప్‌టాప్, నాలుగు రోబో క్యాటలాగులు, ఒక కట్ట విజిటింగ్ కార్డులు ఉండేవి. ఇప్పుడు ఐదు మీటర్ల టేపు, కొక్కేనికి తగిలించి తూచే చిన్న డిజిటల్ కాటా, టార్చిలైటు, రెండు జతల ఇయర్‌ప్లగ్గులు, ఒక గళ్ళ నోటుబుక్కు ఉంటున్నాయి. ల్యాప్‌టాప్ కారులోనే పడి ఉంటుంది. ఈ రెండు బ్యాగులకీ తేడా ఎందుకొచ్చిందో అర్థమైతే విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల రోబోలు, ఆటోమేషన్ అమ్మే పని సగం వచ్చినట్టే. మిగతా సగం కింద రాస్తున్నాను.

కానూరులోనో వడ్డేశ్వరంలోనో వడ్లమూడిలోనో ఇంజినీరింగ్ చేసి, లేదా పాలిటెక్నిక్ అయ్యాక రెండు మూడేళ్ళు మెయింటెనెన్స్‌లో గ్రీజు పూసుకుని, ఇప్పుడు ఏదో ఆటోమేషన్ కంపెనీలో సేల్స్ ఇంజినీరుగా చేరబోతున్నవాళ్ళ కోసం ఇది. సేల్స్ అంటే మాటకారితనం ఉండాలేమో అని చాలామంది జంకుతారు. నాకూ మాటలు పెద్దగా రావు. లెక్క రావాలి, గంటల తరబడి నిలబడే ఓపిక ఉండాలి, తెలియనిది అడగడానికి సిగ్గుపడకూడదు. అంతకు మించి నేనేమీ చెయ్యలేదు.

ఇక్కడ కొనేది ఎవరు

శ్రీపెరంబుదూరులో కార్ల ఫ్యాక్టరీకి రోబో అమ్మడం వేరే ఆట. అక్కడ కొనే ఇంజినీరుకు మన రోబో గురించి మనకన్నా ఎక్కువ తెలుసు, ఏ మోడల్ కావాలో వాళ్ళే రాసిస్తారు, మనం రేటు దగ్గర కొట్టుకోవడమే. మన దగ్గర అలా కాదు. రైసు మిల్లులు, డెయిరీలు, కారం మిల్లులు, మిర్చి ఎగుమతిదారులు, చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లులు, జగ్గయ్యపేట వైపు సిమెంటు, కొండపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్నా పెద్దా యూనిట్లు, మల్లవల్లి పార్కులో కొత్తగా వస్తున్నవి, ఆటోనగర్‌లో లారీ, బస్సు బాడీలు కట్టే షెడ్లు. వీళ్ళలో చాలామంది ఇప్పటిదాకా రోబోను వాట్సాప్ వీడియోలో తప్ప చూడలేదు.

వాళ్ళకు కావలసింది రోబో కాదు కూడా. రాత్రి షిఫ్టుకు మనుషులు రావట్లేదు, హోలీకి ఊరెళ్ళిన బీహారు కుర్రాళ్ళు నెల దాటినా తిరిగి రాలేదు, బస్తాలు మోసే ముఠా కూలీలు రేటు మళ్ళీ పెంచమంటున్నారు, ఎవరికో వేలు తెగింది. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లేకుండా ఎవరూ మనకు ఫోన్ చెయ్యరు. మొట్టమొదటి ఇండస్ట్రియల్ రోబో యూనిమేట్‌ను 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో పెట్టింది కూడా ఇలాంటి పనికే, డై కాస్టింగ్ మిషన్లోంచి కాలిపోయే ముక్కలు బయటికి తీయడానికి. కాబట్టి మొదటి ఫోన్లో ‘మీకు ఏ రోబో కావాలండీ’ అని అడగకండి. ‘ఏ పని దగ్గర మనుషులు నిలవట్లేదండీ’ అని అడగండి. అవతల వినబడే నిట్టూర్పును బట్టే తెలిసిపోతుంది, ఇది నిజమైన ఎంక్వయిరీయా, ఊరికే రేటు తెలుసుకోవడానికి చేశారా అన్నది.

ఒక షిఫ్టు నిలబడండి

కొటేషన్ పంపేముందు ఆ లైను పక్కన కనీసం ఒక షిఫ్టు మొత్తం నిలబడాలి. ఇది నా మొండి పట్టు, మా మేనేజర్లతో దీని మీద చాలాసార్లు గొడవ పడ్డాను. ‘ఫొటోలు పంపమను, లేఅవుట్ వేసేద్దాం’ అంటారు వాళ్ళు. ఫొటోలో దుమ్ము కనబడదు, చప్పుడు వినబడదు, నేల వాలు తెలియదు.

రైసు మిల్లునే తీసుకుందాం, మన దగ్గర ఎక్కువగా వచ్చే కేసు అదే కాబట్టి. ఓనరు గారు గంటకు ఆరువందల బస్తాలండీ అంటారు. అది అబద్ధం కాదు, ఎప్పుడో ఒక మంచి రోజున వచ్చిన లెక్క. మీరు నిలబడి గీతలు పెట్టుకుంటే నాలుగువందలు తేలుతుంది. తొమ్మిది సెకన్లకు ఒక బస్తా అన్నమాట, దీనికి బస్తాలను ప్యాలెట్ (ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే చెక్క బల్ల) మీద పేర్చే ఏ ప్యాలెటైజింగ్ రోబో అయినా సరిపోతుంది అనిపిస్తుంది. కానీ బస్తాలు అలా లైనుగా, బుద్ధిగా రావు. కుట్టు మిషను దారం తెగుతుంది, ఐదు నిమిషాలు ఏమీ రాదు, తర్వాత ఐదు నిమిషాల్లో అరవై వస్తాయి. అంటే ఐదు సెకన్లకు ఒకటి. సగటు చూసి సిస్టమ్ ఇచ్చారంటే ఆ ఐదు నిమిషాల్లో కన్వేయర్ మీద బస్తాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, అప్పుడు నలుగురు మనుషులు వచ్చి వాటిని లాగుతుంటే పక్కన నిలబడి చూడటం అంత ఇబ్బంది ఇంకోటి ఉండదు. దీనికి మందు పెద్ద రోబో కానక్కర్లేదు, మధ్యలో పది బస్తాలు ఆగడానికి చోటున్న కన్వేయర్ ఇంకొంచెం పొడవు పెడితే చాలాచోట్ల సరిపోతుంది. కానీ ఆ సంగతి నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత తూకం. మన మిల్లుల్లో ఇప్పుడు 26 కిలోల బస్తా ఎందుకు వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోలు లేదా అంతకన్నా తక్కువ ఉంటే 5 శాతం జీఎస్టీ. ఒక కిలో ఎక్కువ పోస్తే ఆ పన్ను లేదు. సరే, 26 కిలోలే కదా, 30 కిలోలు ఎత్తే రోబో చాలదా అని ఓనరూ అడుగుతాడు, కొత్తగా చేరిన సేల్స్ కుర్రాడూ అడుగుతాడు. చాలదు. బస్తాను కింద నుంచి వేళ్ళు పెట్టి పట్టుకునే ఇనుప పంజా, దాని సిలిండర్లు, బ్రాకెట్టు అన్నీ కలిసి అదే ముప్పై కిలోల దాకా తూగొచ్చు. పేలోడ్ అంటే రోబో మణికట్టు మీద పడే మొత్తం బరువు, అందులో ఈ పంజా, అంటే గ్రిప్పర్ కూడా ఉంటుంది. పైగా బస్తా బరువు మణికట్టుకు దూరంగా వేలాడుతుంది, రోబో వేగంగా తిరిగి ఠక్కున ఆగినప్పుడు ఆ దూరం వల్ల పడే లోడు డేటాషీట్లో వేరే పట్టికలో ఉంటుంది. చాలామంది ఆ పేజీ దాకా వెళ్ళరు. అందుకే ఇలాంటి పనికి నాలుగు కీళ్ళున్న, అంటే నాలుగు యాక్సిస్‌ల ప్యాలెటైజింగ్ రోబోల్లో 100 కిలోల తరగతి దగ్గర వెతుకుతాం. ఉదాహరణకు ఏబీబీ ఐఆర్‌బీ 460 చూడండి, 110 కిలోలు, 2.4 మీటర్ల రీచ్, అంటే చెయ్యి చాచగల దూరం.

అన్నట్టు రిపీటబిలిటీ గురించి. క్యాటలాగులో మిల్లీమీటరులో ఇన్నో వంతు అని పెద్ద అక్షరాలతో వేస్తారు. నేర్పిన చోటికే మళ్ళీ మళ్ళీ ఎంత దగ్గరగా వస్తుందన్నదే దాని అర్థం. బియ్యం బస్తాకు అది దేనికీ పనికిరాదు, బస్తానే ప్రతిసారీ మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. మిల్లు ఓనరు దగ్గర ఆ అంకె చెప్పి మురిసిపోకండి.

నిలబడ్డప్పుడు ఇంకా చూడాల్సినవి: షెడ్డు ఎత్తు, మధ్యలో స్తంభాలు, ఫోర్క్‌లిఫ్ట్ ఉందా లేదా. ఈ ఫోర్క్‌లిఫ్ట్ సంగతి చిన్నదిగా కనబడుతుంది కానీ మన ప్రాంతంలో సగం రోబో కేసులు ఇక్కడే చస్తాయి. రోబో బస్తాలను ప్యాలెట్ మీద పేరుస్తుంది. మన మిల్లుల్లో చాలావాటికి ప్యాలెట్ అనేదే లేదు, బస్తా కుట్టు మిషను దగ్గర నుంచి నేరుగా ముఠా వాళ్ళ తల మీదుగా లారీలోకో, గోడౌన్లో నెట్టులోకో పోతుంది. ప్యాలెట్ మీద పేర్చిన బస్తాలను మళ్ళీ మనుషులే దింపి లారీలో వేస్తే రోబో చేసిందేమిటి? అలాంటి చోట నేను రోబో మాట ఎత్తను. లారీ లోపలి దాకా సాగే లోడింగ్ కన్వేయర్ చూపిస్తాను. రోబో అమ్మడానికి వెళ్ళి కన్వేయర్ అమ్మి వచ్చానని ఆఫీసులో నవ్వారు, కానీ ఆ మిల్లు వాళ్ళే తర్వాత ఇద్దరు బంధువుల మిల్లులకు నన్ను తీసుకెళ్ళారు.

ఎండ, దుమ్ము, నీళ్ళు

చాలా రోబో కంట్రోలర్ల (రోబోను నడిపే కరెంటు పెట్టెల) డేటాషీట్లో 45 డిగ్రీల దాకా అని ఉంటుంది. రోహిణి కార్తెలో రెంటచింతల ఎండ గురించి చెప్పనక్కర్లేదు, కానీ ఆ 45 అన్నది ఊళ్ళో ఉష్ణోగ్రత కాదు, కంట్రోలర్ చుట్టూ ఉన్న గాలిది. రేకుల షెడ్డు కింద, డ్రయ్యర్ పక్కన, మధ్యాహ్నం రెండింటికి ఎంతుంటుందో మీరే ఒక థర్మామీటరు పెట్టి చూడండి. ప్యానెల్ ఏసీని ‘కావాలంటే తీసుకోండి’ అని ఆప్షన్‌లో పెట్టకండి, రేటులో కలిపేయండి. ఆప్షన్ అంటే తీసేస్తారు, ఏప్రిల్లో ఫోన్ మీకే వస్తుంది. కరెంటు కూడా అంతే. వోల్టేజి ఎగుడుదిగుడు, ఎర్తింగ్ రెండూ ముందే కొలిపించి కాగితం మీద రాయించుకోండి.

కారం మిల్లుకు వెళ్ళేటప్పుడు మాస్కు మీకూ కావాలి, గాలి పీల్చి సంచిని పట్టుకునే మీ వాక్యూమ్ పంపుకూ కావాలి. కారం పొడి ఫిల్టర్లో ఎంత త్వరగా నిండుతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. డెయిరీలో ఇంకో రకం తలనొప్పి. రోబో చెయ్యి ఐపీ67 (దుమ్మును, నీళ్ళను ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే రేటింగు) అని చూపించి ఊరుకుంటారు. అందులో 6 అంటే దుమ్ము అసలు చొరబడదు, 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా ఏమీ కాదు. కానీ డెయిరీలో ఎవరూ రోబోను ముంచరు, వేడినీళ్ళు ప్రెషరుతో కొట్టి కడుగుతారు, దానికి ఐపీ69కె అనే వేరే పరీక్ష ఉంది. చేతికి ఐపీ67 ఉన్నంత మాత్రాన కింద పెట్టిన కంట్రోలర్‌కు ఉన్నట్టు కాదు. ఇవన్నీ తెలియక కాదు, చెప్తే ఆర్డరు పోతుందేమోనని చెప్పరు. చెప్తేనే నిలుస్తుంది, నా అనుభవంలో.

మా గోనెసంచి కథ

గుంటూరు శివార్లలో ఒక మిర్చి ప్రాసెసింగ్ యూనిట్. ఎండుమిర్చి టిక్కీలు, అంటే మిర్చి కుక్కిన బస్తాలు పేర్చే పని. అప్పట్లో నేను పనిచేసే కంపెనీ ట్రయల్ సెంటర్ చెన్నైలో ఉండేది. పెద్దాయన్నీ, వాళ్ళబ్బాయినీ పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో తీసుకెళ్ళి దర్జాగా ట్రయల్ చూపించాం. వాక్యూమ్ గ్రిప్పర్ పెట్టి, కొత్త ప్లాస్టిక్ సంచుల్లో నింపిన సరుకు ఎత్తి చూపిస్తే రోబో పువ్వును ఎత్తినట్టు ఎత్తింది. అబ్బాయి వీడియో తీసుకున్నాడు. పెద్దాయన ‘బానే ఉంది బాబూ’ అని ఒక్క మాట అన్నాడు. ఆర్డరు వచ్చింది.

సైటులో పెట్టిన రోజు మొదటి టిక్కీ రెండడుగులు లేచి పడిపోయింది. రెండోది లేవనే లేదు. వాళ్ళ దగ్గరున్నవి గోనెసంచులు. గోనె నేతలోంచి గాలి పోతూనే ఉంటుంది, వాక్యూమ్ పట్టు ఎలా నిలుస్తుంది? పైగా నాలుగుసార్లు వాడిన సంచులు, ఒకటి ఉబ్బి, ఒకటి నలిగి, కుట్టు వేలాడుతూ. ఇది చిన్నపిల్లాడికి కూడా తెలిసే విషయం, మా ఐదుగురిలో ఒక్కడికీ తట్టలేదు, ఎందుకంటే మేమెవరమూ ఆ యూనిట్లో ఒక పూట కూడా నిలబడలేదు. గ్రిప్పర్ మార్చి పంజా రకం చేయించడానికి రెండు నెలలు పట్టింది, ఖర్చు మా కంపెనీదే, కొత్త గ్రిప్పర్ బరువెక్కువ కావడంతో రోబో వేగం తగ్గించాల్సి వచ్చింది. పెద్దాయన తిట్టలేదు. ఆయన మేస్త్రి మాత్రం నన్ను పక్కకు పిలిచి, ‘సార్, ఆ రోజు మమ్మల్ని అడిగితే ఒక సంచి ఇచ్చేవాళ్ళం కదా’ అన్నాడు.

అప్పటి నుంచి ట్రయల్ అంటే నా పద్ధతి ఒకటే. కస్టమర్ దగ్గర నుంచి వాళ్ళ సరుకే, వాళ్ళ సంచుల్లోనే, అందులోనూ మేస్త్రి ఏరి ఇచ్చిన అన్నిటికన్నా అధ్వానమైన పది బస్తాలు లారీ పార్సిల్లో ముందే ట్రయల్‌కు పంపించేస్తాను. అవి లేస్తే మంచివి లేస్తాయి.

ఎవరితో మాట్లాడాలి

మన దగ్గర కంపెనీ అంటే ఇల్లే. పెద్దాయన సంతకం పెడతాడు, చదువుకొచ్చిన కొడుకో అల్లుడో ఉత్సాహపడతాడు, ఆడిటరు గారు లెక్క చూస్తారు, మేస్త్రి లేదా ఫిట్టరు ‘పనిచేస్తుంది’ అనో ‘చెయ్యదు’ అనో ఒక్క ముక్క చెప్తాడు. కొత్తవాళ్ళు కొడుకు చుట్టూ తిరుగుతారు, ఇంగ్లీషులో మాట్లాడతాడు కదా, వీడియోలు చూస్తాడు కదా అని. నేను మేస్త్రితో మొదలుపెట్టమంటాను. మిషను వచ్చాక దాంతో బతకాల్సింది ఆయన. ఆయనకు ఇష్టం లేకపోతే ప్రతి చిన్న సెన్సర్ ఫాల్టుకూ లైను ఆగుతుంది, ఇష్టమైతే అదే ఫాల్టు రెండు నిమిషాల్లో పోతుంది.

ముఠా సంగతి సున్నితమైనది, జాగ్రత్తగా వినండి. బస్తాలు మోసేవాళ్ళ ముందు ‘ఇంతమందిని తీసేయొచ్చు’ అని చేతులూపుతూ మాట్లాడే సేల్స్‌వాళ్ళను చూశాను. అది మర్యాదా కాదు, తెలివీ కాదు. వాళ్ళకు కూలి చాలాచోట్ల నెలజీతం కాదు, బస్తాకు ఇంత అని. మోత ఎవరు మోసినా గేటు దాటే బస్తాకు కూలి ఇవ్వాలనే ఒప్పందం ఉన్న చోట రోబో పెట్టినా ఓనరుకు ఆ రూపాయి మిగలదు. కాబట్టి ఒప్పందం ఎలా ఉందో పెద్దాయనను ముందే, ఒంటరిగా అడగండి.

ఇంకొకటి, నవ్వకండి, లేఅవుట్ పంపేముందు ఈశాన్యం ఎటో కనుక్కోండి. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని వాస్తు పట్టింపు ఉన్నవాళ్ళకు రోబో, కన్వేయర్లు, కంచె అన్నీ కలిసిన రోబో సెల్‌ను సరిగ్గా ఆ మూలే గీసి పంపి, మూడు వారాలు ‘చూద్దాం’ అనిపించుకున్నాను. ఎందుకు చూద్దామంటున్నారో ఎవరూ చెప్పలేదు. ఆషాఢంలో ఆర్డర్ కోసం ఒత్తిడి చెయ్యకండి, శ్రావణం వచ్చాక వాళ్ళే పిలుస్తారు. మిర్చి వాళ్ళ దగ్గరికి సీజన్ మధ్యలో వెళ్తే కూర్చోమని కూడా అనరు, వేసవిలో యార్డుకు సెలవులిచ్చే రోజుల్లో వెళ్తే భోజనం పెట్టి మరీ వింటారు.

డబ్బు లెక్క

ఇక్కడ నెమ్మదిగా చదవండి, చాలా కొటేషన్లు ఓడిపోయేది ఇక్కడే. కంపెనీ ఇచ్చిన ఎక్సెల్ షీటులో ‘ఇద్దరు మనుషులు, మూడు షిఫ్టులు, జీతం ఇంత’ అని ఉంటుంది. రైసు మిల్లు ఓనరుకు ఆ షీటు చూపిస్తే ఆయన లోపల నవ్వుకుంటాడు. బస్తా లెక్కన చెయ్యండి.

అంకెలు ఊహించినవే, పద్ధతి చూడండి. రోజుకు 4,800 బస్తాలు, రోబో చేసే పనికి ప్రస్తుతం బస్తాకు రూపాయిన్నర ఖర్చవుతుందనుకుందాం. రోజుకు 7,200, ఏడాదికి 250 రోజులు నడిస్తే 18 లక్షలు. అందులోంచి కరెంటు, సర్వీసు కాంట్రాక్టు, ఒక ఆపరేటరు జీతం కలిపి 5 లక్షలు తీసేస్తే 13 లక్షలు మిగులు. సిస్టమ్ ధర 45 లక్షలు అనుకుంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి మూడున్నరేళ్ళు. ఇక్కడిదాకా అందరూ చేస్తారు.

ఇప్పుడు జీఎస్టీ. రోబో మీద 18 శాతం, అంటే 8 లక్షల 10 వేలు. ‘అది ఇన్‌పుట్ క్రెడిట్‌లో తిరిగొస్తుంది కదండీ’ అని గబుక్కున అనేస్తాం, కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు కదా అని. ఆడిటరు గారు కళ్ళజోడు తీస్తారు. మిల్లు అమ్మేదంతా పన్ను లేని 26 కిలోల బస్తాలే అయితే, ఆ పన్ను లేని సరుకు కోసం మాత్రమే కొన్న మిషను మీద కట్టిన జీఎస్టీకి క్రెడిట్ రాదు. ధర 53 లక్షలు దాటినట్టే, మూడున్నరేళ్ళు నాలుగేళ్ళు దాటుతాయి. ప్యాకెట్ పాలకూ పన్ను లేదు కాబట్టి పాలు మాత్రమే అమ్మే డెయిరీకీ ఇదే కథ, నెయ్యి, పెరుగు కూడా అమ్మేవాళ్ళకు వాటి వంతు లెక్క వేరుగా ఉంటుంది. ఈ విషయం ఆడిటరు గారు చెప్పేదాకా ఆగకుండా మీరే ముందు చెప్పండి. లెక్క మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే. ఆయన ఆ తర్వాత మీ మిగతా అంకెలను నమ్ముతారు. తరుగుదల గురించి కూడా అడుగుతారు: ప్లాంటు, మిషనరీ మీద సాధారణంగా 15 శాతం, ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగం. అందుకే సెప్టెంబరులోగా మిషను నడవాలని కొందరు తొందరపెడతారు, డెలివరీ తేదీ ఇచ్చేముందు ఇది గుర్తుంచుకోండి.

రోబో ధర విడిగా చెప్పమని అందరూ అడుగుతారు. చెప్పినా చిక్కే, చెప్పకపోయినా చిక్కే. రోబో, గ్రిప్పర్, కన్వేయర్లు, కంచె, ప్యానెల్, ప్రోగ్రామింగ్, ఇన్‌స్టలేషన్ కలిస్తేనే సెల్, అందులో రోబో ఒక ముక్క మాత్రమే, చాలాసార్లు సగం కన్నా తక్కువ. నేను విడివిడిగానే రాస్తాను. కంచె రేటు చూసి ‘ఇది తీసేయండి’ అంటారు. అక్కడ మాత్రం బేరం లేదు. రోబో భద్రతకు ఐఎస్ఓ 10218 అనే ప్రమాణం ఉంది, మనిషి లోపలికి అడుగుపెడితే రోబో ఆగాలి, అంతే. మనుషుల పక్కనే పనిచేసే రోబో, అంటే కోబాట్‌కు కంచె అక్కర్లేదట కదా అని వీడియో చూపిస్తారు. కోబాట్ చెయ్యి మెల్లగా తగిలి ఆగుతుంది నిజమే, దాని చేతిలో కత్తో, మొనదేలిన రేకు ముక్కో ఉంటే? భద్రత మొత్తం సెల్‌కు చూస్తారు, రోబో ఒక్కదానికే కాదు.

కొటేషన్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన పేజీ ఏదంటే, మేము చెయ్యనివి అనే పేజీ. సివిల్ పని ఎవరిది, ప్యానెల్ దాకా కేబుల్ ఎవరు లాగాలి, గాలి ప్రెషరు ఎన్ని బార్లు, ఎక్కడిదాకా పైపు, లారీలోంచి దింపే క్రేన్ ఖర్చు ఎవరిది. ఏ బస్తా, ఎంత తూకం, ఎంత సైజు, ఎంత తేడా వరకు ఒప్పుకుంటాం. ఇది తెలుగులో కూడా ఒక పేజీ రాసి పెద్దాయన చేతికివ్వండి. డబ్బు వాయిదాలు కంపెనీని బట్టి మారతాయి, అడ్వాన్స్ కొంత, పంపేముందు ఎక్కువ భాగం, నడిచాక చివరి పది శాతం అన్నది మామూలు. ఆ చివరి పది శాతం రావాలంటే ‘నడవడం’ అంటే ఏమిటో ముందే రాసుకోవాలి: ఎన్ని గంటలు, గంటకు ఎన్ని బస్తాలు, ఎన్ని పడిపోతే పర్వాలేదు. ‘సంతృప్తికరంగా’ అన్న మాట ఎక్కడ కనబడినా కొట్టేయండి.

వద్దని చెప్పాల్సిన చోట

ఆటోనగర్‌లో వెల్డింగ్ రోబో కోసం ఏడాదికి నాలుగైదు ఎంక్వయిరీలు వస్తాయి. వెల్డర్లు దొరకట్లేదు, దొరికినవాళ్ళు గల్ఫ్ వెళ్ళిపోతున్నారు. నిజమైన బాధే. కానీ గ్యాస్ కటింగ్‌తో చేత్తో కోసిన ప్లేటును తెచ్చి ఆనిస్తే ఒక చివర గ్యాప్ సున్నా, ఇంకో చివర నాలుగు మిల్లీమీటర్లు. మన వెల్డరు చెయ్యి దాన్ని చూసుకుంటూ నింపుకుపోతుంది. రోబో నేర్పిన దారిలోనే పోతుంది, 1.2 మిల్లీమీటర్ల వైరు ఆ గ్యాప్‌లోంచి కిందికి జారిపోతుంది. దారి వెతుక్కునే సెన్సర్లు ఉన్నాయి, వాటి రేటు వేరు, వాటికీ హద్దుంది. పైగా ప్రతి బాడీ కొలత వేరు. అలాంటి షెడ్డులో ముందు ప్లాస్మా కటింగ్, తర్వాత ముక్కలను కదలకుండా పట్టి ఉంచే ఫిక్చర్లు, ఆ తర్వాతే రోబో. ఒకే ముక్క నెలకు వందల్లో చేసే చోట, ట్రాక్టరు పనిముట్ల యూనిట్లలాంటివి, సరిగ్గా కుదురుతుంది. మిగతావాళ్ళకు వద్దని చెప్పి టీ తాగి రండి. టార్గెట్ టెన్షన్ ఉంటుంది, తెలుసు. వద్దని చెప్పిన చోట నుంచి కూడా ఫోన్లు వస్తాయి, ఈసారి మీ మాట వినడానికి.

నేర్చుకోవడం, ఆర్డరు తర్వాత

ఏబీబీ రోబోట్‌స్టూడియో, ఫానుక్ రోబోగైడ్, అన్ని బ్రాండ్లకూ పనికొచ్చే రోబోడీకే, రోబోను కంప్యూటర్లోనే నడిపి చూసే ఈ సాఫ్ట్‌వేర్లలో ఒకటైనా చేతికి అలవాటు కావాలి, రీచ్ సరిపోతుందో లేదో కస్టమర్ ముందే చూపించగలిగేంత. యూనివర్సల్ రోబోట్స్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం, మొదలుపెట్టడానికి బాగుంటాయి. ఒక చిన్న పీఎల్‌సీ (మిషన్లను నడిపే చిన్న కంప్యూటరు) కొని రెండు సెన్సర్లు, ఒక మోటారు మీరే వైరింగ్ చేసుకుని చూడండి, పది పుస్తకాల పెట్టు. ముంబయిలో జరిగే ఆటోమేషన్ ఎక్స్‌పోకు ఒకసారి సొంత ఖర్చుతోనైనా వెళ్ళండి, స్టాళ్ళ వెనక నిలబడ్డ సర్వీసు ఇంజినీర్లతో మాట్లాడండి, ముందు నిలబడ్డవాళ్ళతో కాదు.

ఆర్డరు రాగానే సేల్స్‌వాడు మాయమవుతాడని మనకు పేరుంది. మిషను ఫ్యాక్టరీలోంచి బయలుదేరేముందు చేసే పరీక్షకు మేస్త్రిని తప్పకుండా తీసుకెళ్ళండి. సైటులో నడవడం మొదలైన మొదటి పది రోజులు మీరూ రోజుకో పూట ఉండండి. ఆ పది రోజుల్లోనే ఎవరో కొత్త బ్రాండ్ సంచి తెస్తారు, కొత్త రకం బియ్యం వస్తుంది, పూజకు కొట్టిన కొబ్బరినీళ్ళు సెన్సర్ మీద పడతాయి, ఇది నిజంగా జరిగింది. తరచూ వచ్చే ఐదారు అలారాలు ఏవో, వస్తే ఏం చెయ్యాలో తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి స్క్రీను పక్కన అంటించండి. అడుగున సర్వీసు సెంటర్ నంబరు వెయ్యండి. మీ సొంత నంబరు వేశారో, రాత్రి రెండింటికి కుట్టు మిషను దారం తెగినా మీకే ఫోన్ వస్తుంది.